కుక్కకు పచ్చి మాంసం పెట్టవచ్చునా?



కుక్కలను పెంచుకొనే కుటుంబాలవారు ఈ మధ్య మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టర్, కుక్కకు అన్నం కంటే పచ్చి మాంసం, ఎముకలు పెడితేనే మంచిదట కదా?" అని. మేము నర్సులం, పశువైద్యులం కాము. అయితే కుక్క గిన్నెలో వేసే పచ్చి ముక్క ఆ ఇంటి పిల్లల ఆరోగ్యానికి కూడా సంబంధించినది. అందువల్ల ఈ సంచికలో ఆ విషయం వివరిస్తున్నాము.

ఈ పద్ధతి ఎక్కడిది?

ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది. కుక్క తోడేలు జాతిది గనుక తోడేలు తిన్నట్టే పచ్చి మాంసం, ఎముకలు తినాలనేది వాదన. కుక్కకు మాంసకృత్తులు కావాలన్నది నిజమే. కాని కుక్క వేల సంవత్సరాలుగా మనిషి ఇంటి ముందు మనిషి తిండి తిని బ్రతికిన జంతువు. పిండి పదార్థాలను జీర్ణం చేసే జన్యువు ప్రతులు తోడేలులో కంటే కుక్కలో ఎక్కువగా ఉన్నాయని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2013లో తెలియజేశారు. కనుక వండిన అన్నం కుక్కకు పడని తిండి కాదు. అమెరికా పశువైద్యుల సంఘం కూడా 2012లో పచ్చి మాంసం పెట్టవద్దని సలహా ఇచ్చింది.

అసలు ప్రమాదం ఏమిటి?

రెజిమెంటల్ బజార్‌లోగాని, మోండా మార్కెట్ వైపుగాని ఆదివారం మటన్ కొనేటప్పుడు "కుక్క కోసం ఏమైనా ఉంటే వేయండి" అని అడగడం మనలో చాలామందికి అలవాటు. అలా అడిగినప్పుడు సంచిలో పడేవి ఎక్కువగా ఊపిరితిత్తి ముక్కలు, మనుషులు కొనని కార్జం. ఇక్కడే జాగ్రత్త అవసరం.

గొర్రె, మేకల కార్జంలోను, ఊపిరితిత్తులలోను ఒక్కోసారి నీటి బుడగల వంటి తిత్తులు ఉంటాయి. వీటిని హైడాటిడ్ తిత్తులు అంటారు. ఇవి ఎకైనోకాకస్ అనే చిన్న బద్దెపురుగు పిల్లదశ. ఆ ముక్క పచ్చిగా తిన్న కుక్క పేగులో ఇవి పెద్ద పురుగులవుతాయి. పెద్ద పురుగు పొడవు సుమారు 3 నుండి 7 మిల్లీమీటర్లే. సుమారు ఆరేడు వారాలలో గుడ్లు కుక్క మలంతో బయటికి రావడం మొదలవుతుంది. కుక్క మాత్రం హుషారుగానే ఉంటుంది. చూసి కనిపెట్టలేము.

కంటికి కనబడని ఆ గుడ్లు కుక్క బొచ్చుకు, వాకిట్లోని మట్టికి, ఆకుకూరలకు అంటుకొని ఉంటాయి. మట్టిలో నెలల తరబడి బ్రతుకుతాయి. కుక్కను నిమిరి చేతులు కడుక్కోకుండా బిస్కెట్ తిన్న పిల్లవాని కడుపులోకి గుడ్డు చేరితే, అక్కడి నుండి రక్తం ద్వారా కార్జానికో, ఊపిరితిత్తికో పోయి తిత్తి కడుతుంది. అది చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అయిదేళ్ళ వయసులో సోకిన జబ్బు ఇరవై ఏళ్ళు దాటాక స్కానింగులో బయటపడవచ్చు.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. మటన్ తిన్నందువల్ల మనకు ఈ జబ్బు రాదు. మనిషి నుండి మనిషికీ రాదు. కుక్క మలంలోని గుడ్ల వల్లనే వస్తుంది. అంటే మనం కుక్కకు వేసిన పచ్చి కార్జమే, కుక్క ద్వారా తిరిగి మన పిల్లల మీదికి వస్తుంది. ఆ ముక్కను ఉడికిస్తే ఈ గొలుసు అక్కడే తెగిపోతుంది.

మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా నమోదైన ప్రాంతాలలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఉన్నాయి. గొర్రెలు, కుక్కలు, మనుషులు దగ్గర దగ్గరగా మసలే చోట ఇది ఎక్కువ.

నివారించిన దేశాలు

ఐస్లాండ్‌లో ఒకప్పుడు ఈ జబ్బు విపరీతంగా ఉండేది. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ క్రాబె దాని కారణం వివరించి రాసిన చిన్న పుస్తకాన్ని 1864లో అక్కడ ఇంటింటికీ ఉచితంగా పంచారు. తరువాత చట్టాలు వచ్చాయి. క్రమంగా జబ్బు పోయింది. న్యూజిలాండ్ 1959లో హైడాటిడ్స్ చట్టం చేసి, కుక్కలకు పచ్చి కార్జం, ఊపిరితిత్తులు వంటివి పెట్టడాన్ని అడ్డుకొంది. 2002 నాటికి ఆ దేశం ఈ జబ్బు నుండి తాత్కాలికంగా విముక్తమైనట్టు ప్రకటించారు. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు, మగవాళ్ళు చేసిన పని మనమూ చేయగలిగినదే.

పచ్చి కోడిమాంసం సంగతి

కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే క్రిములు ఉండవచ్చు. కుక్కకు ఏమీ కాకపోయినా దాని మలం, నోరు, గిన్నె ద్వారా ఇంట్లోవారికి వాంతులు, విరేచనాలు, జ్వరం రావచ్చు. పసిబిడ్డలకు, గర్భిణులకు, వృద్ధులకు, క్యాన్సర్ మందులు గాని స్టిరాయిడ్లు గాని వాడేవారికి ఇవి ప్రాణాపాయం తేవచ్చు. 2025లో పల్నాడు జిల్లాలో ఒక చిన్నారి బర్డ్ ఫ్లూతో మరణించింది. పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని కుటుంబం తెలిపినట్టు వార్తలు వచ్చాయి. కుక్క కోసం తెచ్చిన చికెన్ వేస్టేజిని పిల్లలకు అందేచోట ఎప్పుడూ పెట్టకండి.

మీరు చేయవలసినవి

1. కార్జం, ఊపిరితిత్తులు ముక్కలుగా కోసి, నీళ్ళు మరుగుతుండగా కనీసం 30 నిమిషాలు ఉడికించి, చల్లార్చి పెట్టండి. కోడిమాంసం కూడా బాగా ఉడకాలి.

2. ఫ్రిజ్‌లో గడ్డకట్టించితే చాలనుకోవద్దు. చలికి చాలా క్రిములు చావవు. కరెంటు పోయి వచ్చినప్పుడు అవి ఇంకా పెరుగుతాయి.

3. ఉడికిన ఎముకలు పెట్టకండి. అవి చీలి కుక్క గొంతులో, పేగులో గుచ్చుకొంటాయి.

4. మనం తినే కూర, బిర్యానీ పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు హాని చేస్తాయి. ఉప్పు, కారం లేకుండా విడిగా వండండి.

5. ఉత్త మాంసం, అన్నంతోనే పెరిగే కుక్కపిల్లకు కాల్షియం చాలదు, ఎముకలు బలహీనపడతాయి. ఏమి కలపాలో, ఎంత కలపాలో పశువైద్యుణ్ణి అడగండి.

6. బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్ అనే మందు ఉంది. అన్ని నులిపురుగుల మాత్రలలోనూ అది ఉండదు. ఎన్ని నెలలకు ఒకసారి ఇవ్వాలో పశువైద్యుడు కుక్క బరువు చూసి చెప్పుతారు.

7. కుక్కను ముట్టుకొన్న తరువాత, భోజనానికి ముందు పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. మూతి నాకనివ్వకండి. కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ బాగా కడిగి వాడండి.

8. పండుగకో, పెళ్ళికో ఇంటి దగ్గర మేకను కోస్తే, లోపలి భాగాలను వీధి కుక్కలకు వేయకండి. లోతుగా పాతిపెట్టండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

కుడివైపు పక్కటెముకల కింద బరువుగా ఉండడం, నొప్పి, గడ్డ తగలడం, తగ్గని దగ్గు ఉంటే డాక్టరుకు చూపించండి. ఇంట్లో కుక్క ఉన్న సంగతి తప్పక చెప్పండి. పొట్ట స్కానింగు, ఛాతీ ఎక్స్‌రేలతో తిత్తిని కనుగొనవచ్చు. దానిని బట్టి ఆల్బెండజోల్ మందు, సూది చికిత్స లేదా ఆపరేషన్ ఉంటుంది. గడ్డను పిసకనివ్వకండి, నాటువైద్యులచేత పొడిపించకండి. తిత్తి పగిలితే ప్రాణానికే ముప్పు రావచ్చు.

కుక్కను ఇంట్లోనుండి పంపివేయమని మేము చెప్పడం లేదు. అది మీ ఇంటికి కాపలా, పిల్లలకు తోడు. దాని వంతు ముక్కను కూడా పొయ్యి మీద ఒక అరగంట ఉంచండి. దానికి కడుపు నిండుతుంది, మీ పిల్లలకు జబ్బు రాదు.