వార్తల్లో పదం: బ్యాండ్‌క్యాంప్

స్వతంత్ర సంగీతకారులు తమ పాటలను నేరుగా శ్రోతలకు అమ్ముకునే ఆన్‌లైన్ దుకాణం ఇది. 2008లో అమెరికాలో మొదలైంది. ధర కళాకారులే నిర్ణయిస్తారు. డిజిటల్ అమ్మకాలపై సంస్థ సాధారణంగా 15 శాతం తీసుకుంటుంది. స్ట్రీమింగ్‌లా కాకుండా, కొన్న పాట ఫైల్ మన దగ్గరే ఉంటుంది. హైదరాబాద్ మెటల్ బృందం గాడ్‌లెస్ సంగీతమూ ఇక్కడ దొరుకుతుంది. హైటెక్ సిటీలో కొలువు చేస్తూ, వారాంతాల్లో పాటలు కట్టే సినిమాయేతర కళాకారులకూ ఇది అనువైన దారే.

అయితే 2022లో దీన్ని కొన్న వీడియో గేమ్‌ల సంస్థ ఎపిక్ గేమ్స్, మరుసటి ఏడాదే సంగీత లైసెన్సింగ్ సంస్థ సాంగ్‌ట్రేడర్‌కు అమ్మేసింది. ఆ సమయంలో బ్యాండ్‌క్యాంప్ సిబ్బందిలో దాదాపు సగం మంది ఉద్యోగాలు కోల్పోయారు. ఇలాంటి దుకాణాలు మూతపడటమూ కొత్త కాదు: మన దేశంలో 2012లో ఫ్లిప్‌కార్ట్ తెరిచిన పాటల దుకాణం ‘ఫ్లైట్’ 2013లోనే మూతపడింది. అందుకే కొన్న పాటను వెంటనే డౌన్‌లోడ్ చేసి భద్రపరచుకోండి.