బొగ్గు కోసం వచ్చిన బండి

భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగిన యాత్రికుడు మొట్టమొదట అడిగేది "గుడి ఎటు సార్?" అనే. గుడి ఇంకా 40 కిలోమీటర్ల అవతల, గోదావరి ఒడ్డున. స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. పేరు రాముడిదే గానీ పట్టాలు ఇటు వచ్చింది బొగ్గు కోసం. భూసేకరణ కేసులు చూసే వకీలును కాబట్టి నాకు వేరే ప్రశ్న తడుతుంది: జనం భూముల మీదుగా పోయే హక్కు రైలు కంపెనీకి ఎవరిచ్చారు?

ఇంగ్లండులో ఇచ్చింది పార్లమెంటు. అప్పట్లో నలుగురు కలిసి డబ్బు పోగేస్తే రైలు కంపెనీ అయిపోయేది కాదు. ఇవ్వనన్నవాడి భూమిని కూడా కొనాలంటే ఆ ఒక్క కంపెనీ పేరునే విడిగా చట్టం చేయించుకోవాలి. దాన్ని ప్రైవేటు చట్టం అనేవారు. ముందుగా ప్రకటన వేయాలి. పట్టాలు ఏ దారిన పోతాయో ప్లాను దాఖలు చేయాలి. దారిలోని ప్రతి చెక్కకూ యజమాని ఎవరు, కౌలుదారు ఎవరు, అనుభవంలో ఉన్నది ఎవరు అని పట్టీ రాయాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు అర్జీ పెట్టుకుని కమిటీ ముందు వాదించుకోవచ్చు.

స్టాక్టన్-డార్లింగ్టన్ బిల్లు 1819లో వీగిపోయింది. ఒక ప్రభువు నక్కల్ని వేటాడే పొదలు దారిలో పడ్డాయి మరి! దారి మార్చుకున్నాక 1821లో గట్టెక్కింది. లివర్‌పూల్-మాంచెస్టర్ బిల్లు విచారణలో ఇంజనీరు జార్జ్ స్టీఫెన్‌సన్‌ను వకీళ్లు కొలతల మీద నిలదీసి ఉక్కిరిబిక్కిరి చేశారు. 1825లో బిల్లు పోయింది. మళ్లీ సర్వే చేయించి 1826లో నెగ్గించుకున్నారు. ఎస్టేటు ఉన్నవాడి గొంతే గట్టిగా వినబడేది, నిజమే. అయినా అడగడానికి ఒక గది, వినడానికి ఒక కమిటీ ఉండేవి.

మన దేశంలో జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే కంపెనీ కూడా 1849 ఆగస్టు 1న అదే పార్లమెంటు చట్టంతో పుట్టింది. పట్టాలు బొంబాయిలో, చట్టం లండన్‌లో. భూమి సర్కారు ఉచితంగా ఇచ్చింది, పెట్టుబడిపై 5 శాతం వడ్డీకి పూచీ పడింది. బొంబాయి దగ్గరి ఠాణా రైతు ఓడెక్కి లండన్ పోయి అర్జీ పెట్టేదెక్కడ?

మా వైపు ఆ మాత్రం తంతు కూడా లేదు. ఇది నిజాం రాజ్యం. 1870ల తొలినాళ్లలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు పరిసరాల్లో బొగ్గు ఉందని తేల్చాడు. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ చేరిన రైలును ఇటు బొగ్గు వైపు, అటు చాందా వైపు పొడిగించే పథకం మీద 1883లో హైదరాబాద్‌లో దుమారం లేచింది. షరతులేమిటో బయటపెట్టమని అడిగినవారిలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. ఆ మే నెలలోనే ఆయన్ను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. డిసెంబరులో లండన్ కంపెనీతో ఒప్పందం కుదిరిపోయింది: 20 ఏళ్లపాటు 5 శాతానికి నిజాం ఖజానా పూచీ. 1888లో డోర్నకల్ నుంచి సింగరేణి గనులకు, 1889లో బెజవాడకు బండి నడిచింది. ఆ కంపెనీని నిజాం ప్రభుత్వం 1930లో కొనేసింది.

ఇప్పుడు మనకూ చట్టం ఉంది. 2013 భూసేకరణ చట్టం కింద తొలి ప్రకటన వెలువడ్డాక 60 రోజుల్లోగా అభ్యంతరం రాసివ్వొచ్చు. రైల్వే చట్టం కింద ప్రత్యేక ప్రాజెక్టయితే 30 రోజులే. నోటీసు పట్టుకుని వచ్చినవాళ్లకు నేను ముందు సర్వే నంబరు, ఎకరాలు-గుంటలు, పహాణీలో పేరు సరిచూస్తాను. తర్వాత బావి, బోరు, మామిడి చెట్లు లెక్కలోకి వచ్చాయా అని అడుగుతాను. మా ఏజెన్సీలో అసలు చిక్కు వేరు. తాతల నాటి నుంచి పోడు కొట్టుకుంటున్న కోయ రైతు పేరు చాలాసార్లు ఏ కాగితంలోనూ ఉండదు. రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు పట్టీలో అనుభవదారుకు ఒక గడి ఉండేది. ఇక్కడ పేరు లేనివాడికి 60 రోజులైనా, 30 రోజులైనా ఒకటే. అందుకే నోటీసు వచ్చేదాకా ఆగొద్దంటాను. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలో దరఖాస్తు పెట్టి, రసీదు తీసుకుని దాచుకోండి. రైలొచ్చినా గని వచ్చినా మాట్లాడేది ఆ కాగితమే.