కీళ్ల నొప్పులు: ముందు జబ్బు ఏమిటో తేల్చుకోండి

రేపు పొద్దున నిద్ర లేవగానే రెండు చేతులూ పిడికిలి బిగించి చూడండి. వెంటనే బిగిస్తే సంతోషం. వేళ్లు కొయ్యబారిపోయి, జాకెట్టు హుక్సు పెట్టుకోవడానికి, చెంబు ఎత్తడానికి ముప్పావు గంటో గంటో ఆగాల్సి వస్తుంటే మాత్రం ఈ నాలుగు మాటలు శ్రద్ధగా చదవండి.

2006లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చికున్‌గున్యా ఊళ్లకు ఊళ్లనే మంచాన పడేసింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా అక్కకు అప్పుడు 32 ఏళ్లు. జ్వరం మూడు రోజుల్లో పోయింది గాని, వేళ్లు, మణికట్ల నొప్పులు పోలేదు. "ఊరందరికీ ఉన్నవేగా, తగ్గుతాయిలే" అనేది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. నర్సునై ఉండీ నేనూ అదే అన్నాను. ఫోన్ చేసినప్పుడల్లా నొప్పి బిళ్లలు వేసుకోమన్నాను. అలా ఏడాదిన్నర గడిచింది. చివరికి పట్నంలో ఒక డాక్టరుగారు ఆమె చేతులు పట్టుకొని చూసి, ఇది చికున్‌గున్యా కాదమ్మా, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. ఎక్స్‌రేలో అప్పటికే ఎముకల అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. ఇప్పుడు జబ్బు అదుపులోనే ఉంది. కాని కుడిచేతి వేళ్లు చిటికెన వేలి వైపు ఒరిగిపోయాయి, తడి చీర పిండలేదు. ఆ ఏడాదిన్నర ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఈ జబ్బులో జరిగేది ఇది. మన ఒంట్లోకి వచ్చే సూక్ష్మక్రిములతో పోరాడడానికి రోగనిరోధక శక్తి ఉంది. ఒక్కొక్కరిలో అది దారి తప్పి, కాపలా కుక్క ఇంట్లోవాళ్లనే కరిచినట్టు, సొంత శరీరం మీదే పడుతుంది. ఇలాంటి వాటిని ఆటో ఇమ్యూన్ జబ్బులు అంటారు. రుమటాయిడ్‌లో ఆ దాడి కీళ్ల లోపలి పొర మీద జరుగుతుంది. పొర వాచి, మందమై, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ తినేస్తుంది. పెద్దవాళ్లలో నూటికి ఒకరికో అంతకన్నా కొంచెం తక్కువగానో వస్తుంది. వచ్చినవాళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు స్త్రీలే. ముసలితనం జబ్బు కాదిది, 30, 40 ఏళ్లలోనే మొదలవుతుంది. చల్లని నీళ్లలో చేతులు పెట్టడం వల్లనో, బాలింతరాలిగా పథ్యం చేయకపోవడం వల్లనో వచ్చేది అసలే కాదు. ఆ మాటతో కోడళ్లను నిందించే అత్తగార్లను ఓపీలో నేను ఎందరినో చూశాను.

మోకాళ్లు అరిగిన నొప్పికీ దీనికీ తేడా ఇంట్లోనే కొంత పసిగట్టవచ్చు. అరుగుదల నొప్పి నడిస్తే పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున బిగుసుకున్నా అరగంట లోపే సర్దుకుంటుంది. రుమటాయిడ్ దీనికి తిరగబడి ఉంటుంది. రాత్రంతా కదలకుండా పడుకున్నందుకే బిగుసుకుంటుంది, పనిలో పడ్డాక నెమ్మదిగా వదులుతుంది. వేళ్ల మొదళ్లు, నడిమి కణుపులు, మణికట్లు, పాదాల ముందు భాగం రెండు వైపులా వాస్తాయి. ఉంగరం బిగుతవుతుంది, మెట్టెలు రావు, పొద్దున మంచం దిగితే గులకరాళ్ల మీద అడుగు వేసినట్టుంటుంది. నీరసం, లోజ్వరం కూడా ఉండవచ్చు.

కీళ్ల నొప్పితో పాటు ఎండలోకి వెళ్తే ముఖం మీద ఎర్రని మచ్చలు, నోట్లో పుండ్లు, జుట్టు విపరీతంగా రాలడం, మూత్రంలో నురగ, పదే పదే గర్భస్రావాలు ఉంటే లూపస్ అనే మరో జబ్బేమో చూడాలి. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వయసులో ఉన్న మగపిల్లలకు తెల్లవారుజామున నడుము నొప్పితో మెలకువ వచ్చి, లేచి తిరిగితే తగ్గుతుంటే అది బరువులెత్తిన నొప్పి కాకపోవచ్చు. సోరియాసిస్ ఉన్నవారికీ కీళ్లు వాస్తాయి. ఆ పొలుసుల మచ్చ తలలోనో బొడ్డు దగ్గరో దాగి ఉన్నా డాక్టరుకు చూపించండి, సిగ్గుపడవద్దు.

చికున్‌గున్యా నొప్పులు కూడా కొందరిలో నెలల తరబడి ఉంటాయి, రుమటాయిడ్ లాగే కనబడతాయి. కాబట్టి ఇంట్లో కూర్చొని అదో ఇదో తేల్చుకోలేం. కీలు వాచి ఉంటే కారణం ఏదనుకున్నా సరే, ఆరు వారాలు దాటనివ్వకండి. మొదటి మూడు నెలల్లో సరైన మందు మొదలైతే కీలు వంకర పోకుండా కాపాడుకొనే అవకాశం చాలా ఎక్కువ.

మా ఓపీకి వచ్చేవారిలో చాలామంది చేతిలో ఒక కాగితం పొట్లం ఉంటుంది. అందులో పేరులేని చిన్న తెల్ల బిళ్లలు. "ఇవి వేసుకుంటే గంటలో లేచి పని చేసుకుంటానమ్మా" అంటారు. అవి చాలాసార్లు స్టిరాయిడ్లే. స్టిరాయిడ్ చెడ్డ మందేమీ కాదు, డాక్టర్లు కూడా లెక్క ప్రకారం ఇస్తారు. కాని అది వాపును అణచివేస్తుంది గనుక డాక్టరు చేతులు చూసేసరికి గుర్తులు మాయమవుతాయి. లోపల ఎముక తినడం మాత్రం చాలామందిలో ఆగదు. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు, బి.పి. వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి. ఇది చదివి భయపడి ఒక్కసారిగా మానేయకండి, అది ప్రాణానికే ప్రమాదం. ఆ పొట్లాన్ని అలాగే తీసుకురండి. మేం తిట్టం.

ఇక రక్తపరీక్షల సంగతి. చాలామంది నేరుగా ల్యాబుకు వెళ్లి "వాతం పరీక్ష" చేయించుకొని, రిపోర్టు చూసుకొని తామే తీర్పు చెప్పుకుంటున్నారు. ఆర్.ఏ. ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చిందంటే జబ్బు లేదని కాదు. నిజంగా రుమటాయిడ్ ఉన్న పదిమందిలో ఇద్దరు ముగ్గురికి అది నెగటివ్‌గానే ఉంటుంది. పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టూ కాదు. వయసు మళ్లినవారికీ, హెపటైటిస్ సి, టి.బి. వంటివి ఉన్నవారికీ రావచ్చు. యాంటీ సి.సి.పి. అనే పరీక్ష ఇంకొంచెం నమ్మదగినది. అది పాజిటివ్ అయితే రుమటాయిడ్ అనే అనుమానం బాగా బలపడుతుంది. ఇ.ఎస్.ఆర్. పెరిగితే ఒంట్లో ఎక్కడో వాపు ఉందని మాత్రమే అర్థం. రక్తహీనత ఉన్నా అది పెరుగుతుంది, మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఉందో మీకు తెలియనిది కాదు.

లూపస్ కోసం చేసే ఎ.ఎన్.ఎ. అయితే మరీ కంగారు పెడుతుంది. 1:40 దగ్గర చూస్తే ఏ జబ్బూ లేని నూరుమందిలో ముప్పైమందికి పాజిటివ్ వస్తుంది, 1:160 దగ్గర కూడా ఐదుగురికి వస్తుంది. ఒకమ్మాయి ఈ రిపోర్టు పట్టుకొని, పెళ్లి ఆగిపోతుందని ఏడుస్తూ వచ్చింది. ఆమెకు రోగలక్షణం ఒక్కటీ లేదు.

పెద్దవాళ్లకు ఎ.ఎస్.ఓ. టైటర్ చూసి, ఎక్కువగా ఉందని 21 రోజులకొక పెన్సిలిన్ ఇంజక్షన్ ఏళ్ల తరబడి పొడిపించుకొన్నవాళ్లున్నారు. ఆ పరీక్ష ఈమధ్య గొంతులో స్ట్రెప్టోకాకస్ సోకిందని మాత్రమే చెబుతుంది. ఆ ఇంజక్షన్ గుండె కవాటాలను పాడుచేసే రుమాటిక్ జ్వరం వచ్చినవారికి అవసరం, వారు మానకూడదు. రుమటాయిడ్‌కు దానివల్ల లాభం లేదు. పేర్లు దగ్గరగా ఉండడంతో వచ్చిన తంటా ఇది. యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువుందని పప్పు మానేసి చిక్కిపోయినవాళ్లదీ ఇంచుమించు ఇదే కథ.

అసలు తీర్పు చెప్పేది డాక్టరు చేతులు. ఒక్కొక్క కణుపు నొక్కి, ఎన్ని వాచాయో లెక్కపెట్టి, ఎన్నాళ్లనుంచో అడిగి, తర్వాతే రిపోర్టులు చూస్తారు. ఎక్స్‌రే మొదట్లో మామూలుగానే ఉండవచ్చు. మూత్ర పరీక్ష "కీళ్లకెందుకు" అని వదిలేయవద్దు. ఈ జబ్బులకు ప్రత్యేక వైద్యులు రుమటాలజిస్టులు, ఎముకల డాక్టర్లు వేరు. హైదరాబాదులో నిమ్స్‌లో, వెల్లూరు సి.ఎం.సి.లో ఈ విభాగాలున్నాయి. దూరమైతే ముందు దగ్గరలోని జనరల్ ఫిజీషియనుకు చూపించండి.

వెళ్లేటప్పుడు ఒక నోటుపుస్తకంలో నొప్పి ఎప్పుడు మొదలైందో, ఏ కీళ్లు వాచాయో, పొద్దున ఎంతసేపు బిగుసుకుంటున్నాయో రాసుకొని వెళ్లండి. డాక్టరు దగ్గరకు వెళ్లిన రోజే వాపు తగ్గి ఉండడం మామూలే. అందుకని వాచిన రోజు సెల్‌ఫోనులో ఫోటో తీసి ఉంచండి. పాత చీటీలు, వాడిన మందుల అట్టలు అన్నీ సంచిలో వేసుకోండి.

రుమటాయిడ్ అని తేలితే ఎక్కువమందికి మొదట ఇచ్చేది మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్కసారే వేసుకొనే మందు. దయచేసి ఈ వాక్యం ఇంకోసారి చదవండి. రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి చనిపోయే ప్రమాదం ఉంది. నేను అట్ట మీద వారం పేరు పెన్నుతో రాసి ఇస్తాను. మీ ఊరి సంత రోజు పెట్టుకుంటే మరచిపోరు. ఫోలిక్ యాసిడ్ బిళ్ల ఏ రోజు వేసుకోవాలో విడిగా అడగండి. గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పని చేయలేదని పది రోజులకే మానేయకండి. చెప్పిన గడువుకు రక్తపరీక్ష చేయించుకోవాలి, మద్యం ముట్టకూడదు. ఈ మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది గనుక పిల్లలు కావాలనుకొనేవారు ముందే చెప్పాలి. వారికి వేరే మందులున్నాయి.

ఒక్క విషయంలో మాత్రం ఆరు వారాలు కాదు, ఆరు గంటలు కూడా ఆగవద్దు. ఉన్నట్టుండి ఒకే కీలు ఎర్రగా, వేడిగా వాచి, చలిజ్వరం వస్తే అది కీలులో చీము పట్టడం కావచ్చు. రాత్రయినా సరే, ఆస్పత్రికి రండి.