గోడ మీద బొమ్మ... పెట్టె మీద మాట!

"సార్ రాలేదా మేడమ్?"

ప్రొజెక్టర్ కొందామని అక్కా నేనూ దుకాణం మెట్లెక్కగానే ఎదురైన మొదటి ప్రశ్న ఇది. అక్కది మహబూబ్‌నగర్. ఇంట్లోనే ఇరవై మంది ఆడపిల్లలకు జాకెట్ కటింగ్ నేర్పుతుంది. వెనక కూర్చున్నవాళ్లకు చంక దగ్గర గీత ఎక్కడ తిప్పాలో కనపడదు. గోడ మీద పెద్దగా చూపిస్తే బాగుంటుందని చీటీ ఎత్తిన పైసల్లోంచి తొమ్మిది వేలు పక్కన పెట్టింది. "నువ్వు డిగ్రీ చదివినవు, తోడు రా చెల్లె" అంటే నల్లగొండలో బస్సెక్కి వెళ్లాను.

అట్టపెట్టె మీద '4కె, 12,000 ల్యూమెన్స్' అని ఉంది. అబ్బాయి గడగడా చెప్పుకుపోయాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! అడిగితే నవ్వుతాడేమోనని తల ఊపాను. నన్ను చూసి అక్క డబ్బులిచ్చేసింది.

మర్నాడు పగలు పదకొండింటికి క్లాసులో పెడితే గోడ మీద చాక్‌పొడి చల్లినట్టు ఏదో తెల్లటి నీడ! పిల్లలంతా నా మొహమే చూశారు. అక్క ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. దుకాణంలోనేమో "డబ్బా తెరిచినంక వాపసు లేదు" అన్నారు.

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే అక్క బిడ్డ సెలవులకు రాగానే పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా అడిగి రాసుకున్నాను. చిత్రం! అవన్నీ మన వంటింట్లో, వాకిట్లో ఉన్న సంగతులే.

వెలుగు ఎంత?

ల్యూమెన్స్ అంటే వెలుగు కొలత. కొన్ని పెట్టెల మీద వేసేది లోపలి దీపం వెలుగు, తెర మీదికి చేరేది కాదు. మనం అడగవలసింది 'ఆన్సీ ల్యూమెన్స్'. తెర మీద తొమ్మిది చోట్ల వెలుగు కొలిచి సగటు కట్టిన లెక్క అది. చీకటి గదికి కొన్ని వందలు చాలు. పగటి వెలుతురున్న గదికి రెండు మూడు వేలైనా ఉండాలి. ఇంకోటి, ఒకే గరిటె పిండితో అట్టు ఎంత పెద్దగా వేస్తే అంత పల్చన కదా! బొమ్మ వెడల్పు రెట్టింపు చేస్తే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది.

చుక్కలు ఎన్ని?

రిజల్యూషన్ అంటే చుక్కల ముగ్గే. అదే జాగాలో చుక్కలు ఎక్కువైతే ముగ్గు సన్నగా, నాజూగ్గా వస్తుంది. 4కె అంటే 3840×2160, దాదాపు 83 లక్షల చుక్కలు. మా పెట్టె మీద మూల చిన్నక్షరాల్లో 'సపోర్టెడ్' అని ఉంది. అంటే 4కె సినిమా ఇస్తే తీసుకుంటుందంతే. దాని సొంత చుక్కలు, అంటే 'నేటివ్ రిజల్యూషన్', 1280×720. తొమ్మిది లక్షల పైచిలుకు! బిందెడు నీళ్లు చెంబులో పోస్తే చెంబెడే కదా నిలిచేది?

నలుపు ఏదీ?

కాంట్రాస్ట్ అంటే తెలుపుకూ నలుపుకూ తేడా. ప్రొజెక్టర్ నలుపును వెలిగించలేదు. వెలుగు పడని గోడే మనకు నలుపు. కిటికీలోంచి ఎండ పడితే ఆ నలుపు కాస్తా పోతుంది. మా క్లాసులో జరిగింది సరిగ్గా ఇదే.

ఎంత దూరంలో?

'త్రో రేషియో' 1.5 అంటే రెండు మీటర్ల వెడల్పు బొమ్మకు మూడు మీటర్ల దూరం కావాలి. గది కొలిచాకే కొనాలి. పక్కనుంచి పెడితే బొమ్మ ఓ వైపు సాగుతుంది. దాన్ని సరిచేసేది 'కీస్టోన్'. కానీ అలా చేస్తే కొన్ని చుక్కలు వృథా. ఎదురుగా పెట్టుకోవడమే మేలు.

టీవీ అయితే?

అంగుళాలు మూల నుంచి మూలకు కొలుస్తారు. 43 అంగుళాల టీవీ వెడల్పు 95 సెంటీమీటర్లే. ఓఎల్ఈడీలో చుక్కచుక్కకూ సొంత వెలుగు. క్యూఎల్ఈడీకి వెనకనుంచి దీపం వెలగాలి. పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ వేరు.

ఇదంతా విని మా అమ్మ నవ్వింది. ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించిన 'సైట్' ప్రయోగం 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లలో నడిచింది. అందులో పాలమూరు జిల్లా కూడా ఉంది. వాళ్ల ఊరి బడి ముందర పెద్ద జల్లెడ గొడుగులాంటి యాంటెనా పెట్టారట. "మేం డబ్బా ఎనకకు పొయ్యి మనిషెక్కడున్నడని అడిగినం. సిగ్గేంది? తెల్వకుంటెనే కదా అడిగేది" అంది. డిగ్రీ ఉన్న నాకు ఆ మాట చురుక్కున తగిలింది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. ఈలోగా అక్క ప్రొజెక్టర్‌ను గోడకు దగ్గరగా జరిపి, బొమ్మ చిన్నది చేసి, కిటికీలకు పాత దుప్పట్లు కట్టి, కటింగ్ క్లాసు సాయంత్రానికి మార్చింది. ఇప్పుడు చంక గీత వెనక వరసకూ కనిపిస్తోంది. సాయంత్రం రాలేని ఇద్దరు పిల్లలు మాత్రం మానేశారు. నేను అడగని ఒక్క ప్రశ్నకు అసలు ఖరీదు కట్టింది వాళ్లే.

అందుకే, దుకాణంలో ఎవరైనా "సార్ రాలేదా?" అంటే తడబడకండి. "ఆన్సీ ల్యూమెన్స్ ఎంత? సొంత చుక్కలెన్ని? గది వెలుతురులో ఒకసారి వేసి చూపించు బాబూ" అనండి. నవ్వితే నవ్వనీయండి, డబ్బులు మనవి!