గీతలో నిలిచిన కన్నీరు

బాలలారా! తెల్లవారగనే మన కొల్లూరు వాకిళ్లలో ముగ్గులు వేయుట మీరు చూచుచున్నదే. అందు రంగు లేకున్నను గీతల యొంపులలోనే తీగలు, పద్మములు కనబడును. సిరాతో గీయు చిత్రమునకును గీతయే ప్రాణము. అయితే ముగ్గు తప్పినచో తుడిచి మరల వేయవచ్చును. కాగితముపై సిరా తుడుపు పడదు. కావున ఏది గీయవలెనో, ఏది విడువవలెనో చిత్రకారుడు ముందే నిశ్చయించుకొనవలెను.

ఇట్టి చిత్రమునకు తగిన ఘట్టమొకటి హోమరు పేర వెలసిన 'ఒడిస్సీ' యను గ్రీకు కావ్యమున కలదు. 1947లో మద్రాసునుండి వెలువడనారంభించిన 'చందమామ' పత్రిక ఆ కథను 'రూపధరుడి యాత్రలు' అను పేర తెలుగు పిల్లల కందించెను.

ఇథకా ద్వీపమునకు రాజగు ఒడిస్యూసు ట్రాయి యుద్ధమున కేగి, సముద్రముపై పెక్కిడుములు పడి, ఇరువదియవ యేట ఇల్లు చేరెను. ఇంట శత్రువులు నిండియుండుటచే బిచ్చగాని వేషమున వచ్చెను. వెంట నడచుచున్న సేవకుడు సైత మతనిని గుర్తింపలేదు. వాకిట పెంటకుప్పపై పడియున్న ఆర్గస్ అను ముసలి కుక్క గుర్తించెను. అతడు పూర్వము పెంచిన కుక్క యది! తోక కదల్చెను, చెవులు వాల్చెను. దరి చేరుటకు సత్తువ లేకపోయెను. పేరు పెట్టి పిలిచినచో వేషము బయటపడును. అతడు మోము త్రిప్పుకొని, సేవకుడు చూడకుండ కన్నీరు తుడుచుకొనెను. తన స్వామిని చూచిన యా కుక్క అంతలోనే ప్రాణము విడిచెను.

ఆంగ్ల శిల్పియగు జాన్ ఫ్లాక్స్‌మన్ (1755-1826) రోము నగరమున నుండగా ఒడిస్సీ కథకు చిత్రములు గీసెను. తొమ్మాసో పిరోలి వానిని రేకులపై చెక్కగా 1793లో అచ్చయ్యెను. ఫ్లాక్స్‌మన్ గీసిన ఒడిస్సీ చిత్రములలో ఈ కుక్క ఘట్టమును కలదు. ప్రాచీన గ్రీకు కుండలపైని బొమ్మలను ఆదర్శముగా గైకొని, రంగులను, నీడలను విడిచి, సన్నని గీతలతోనే ఆయన రూపములను నిలిపెను.

ఈ ఘట్టమున యజమాని నోరు విప్పరాదు. కుక్కకు మాట రాదు. చిత్రమునకును మాట లేదు. అందుచేతనే మాటలు చాలని యీ ప్రేమకు మౌనమైన గీత చక్కగా తగినది. ఇకమీదట కథల పుస్తకమున బొమ్మ కనబడినపుడు వెంటనే పుట త్రిప్పకుడు. చిత్రకారు డేమి గీసెనో, ఏమి విడిచెనో కొంతసేపు పరికింపుడు.