పాటకంటే ముందు కామెడీ సీరియల్: పిల్లల సంపాదన ఎవరిది?

ఖాజాగూడ అపార్ట్‌మెంట్లలో పాటలు పాడే పిల్లలు, రీల్స్ చేసే పిల్లలు చాలామందే ఉన్నారు. ఎవరైనా "మీ పాపకు టీవీలో ఛాన్స్ ఇప్పిస్తాం" అంటే అమ్మీ, అబ్బాలకు సంతోషమే. కానీ ఆ సంతోషంలో ఒక ప్రశ్న మరిచిపోతుంటారు. పాప సంపాదించిన డబ్బు ఎవరిది?

పాప్ సింగర్ జానెట్ జాక్సన్ పేరు వినగానే పాటలే గుర్తొస్తాయి. నిజానికి ఆమె ముందు అమెరికా టీవీలో నటి. 1977లో, 11 ఏళ్ల వయసులో 'గుడ్ టైమ్స్' అనే సిట్‌కామ్‌లో పెన్నీ అనే పాత్ర వేసింది. సిట్‌కామ్ అంటే అవే పాత్రలతో వారం వారం వచ్చే కామెడీ సీరియల్. నవ్వించే సీరియలే అయినా పెన్నీది కన్నతల్లి చేతిలో దెబ్బలు తినే పిల్ల కథ. తర్వాత 'డిఫరెంట్ స్ట్రోక్స్', 'ఫేమ్' సీరియళ్లలోనూ నటించింది. సింగర్‌గా ఆమెకు పెద్ద పేరు తెచ్చిన 'కంట్రోల్' ఆల్బమ్ వచ్చింది 1986లో. సెలీనా గోమెజ్, అరియానా గ్రాండే కూడా పిల్లల సిట్‌కామ్‌ల నుంచే జనానికి పరిచయమయ్యారు.

మన తెలుగు కుటుంబంలోని అమ్మాయి అవంతిక వందనపుది కూడా దీనికి దగ్గరి కథే. కాలిఫోర్నియాలో పుట్టిన అవంతిక 2016లో 'బ్రహ్మోత్సవం' సినిమాతో బాలనటిగా తెలుగువాళ్లకు కనిపించింది. ఆ తర్వాత డిస్నీ వారి 'డైరీ ఆఫ్ ఎ ఫ్యూచర్ ప్రెసిడెంట్' కామెడీ సిరీస్‌లో నటించింది. 2021లో 'స్పిన్' సినిమాలో డీజేగా హీరోయిన్ అయింది. 2024లో వచ్చిన మ్యూజికల్ 'మీన్ గర్ల్స్'లో నటించడమే కాదు, పాట కూడా పాడింది.

ఇక డబ్బు సంగతి. చార్లీ చాప్లిన్‌తో 'ది కిడ్' (1921)లో నటించిన జాకీ కూగన్ చిన్నతనంలోనే లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దయ్యాక చూస్తే చాలావరకు ఖర్చయిపోయింది. తల్లి, సవతి తండ్రి మీద 1938లో కోర్టుకెక్కితే చేతికొచ్చింది కొద్దిగానే. ఆ కేసు వల్లే 1939లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. ఇప్పుడక్కడ బాలనటుల సంపాదనలో 15 శాతం విడిగా ఖాతాలో వేయాల్సిందే.

మన దేశంలోనూ రూల్ ఉంది, చాలామందికి తెలియదు అంతే. బాలకార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలతో షూటింగ్ చేయాలంటే నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి ఇవ్వకుండా మూడు గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించి పని ఉండకూడదు. చదువు ఆగకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్లల పేరు మీదే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. అంటే లక్ష రూపాయలొస్తే రూ.20 వేలు పక్కన పెట్టాల్సిందే. ఆ డబ్బు మేజర్ అయ్యాక పిల్లల చేతికొస్తుంది.

కాబట్టి సంతకం పెట్టేముందు మూడు అడగండి: అనుమతి పత్రం ఏది? రోజుకు ఎన్ని గంటలు? డిపాజిట్ ఏ బ్యాంకులో? పిల్లల సంపాదన పెద్దల దగ్గర ఉన్న అమానత్. పెద్దయ్యాక వాళ్లు లెక్క అడిగితే చూపించగలగాలి.