బీరువా నుంచి బ్యాంకుకు... మళ్లీ మెడలోకి!

జులై వచ్చిందంటే చిలకలూరిపేట, పర్చూరు, ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్లలో పొలం పనులతోపాటు మరో పనీ మొదలవుతుంది. ఇల్లాలు బీరువా తెరుస్తుంది. గుడ్డసంచిలోంచి గొలుసూ గాజులూ తీసి ఆయన చేతిలో పెడుతుంది. పదింటికల్లా ఆయన బ్యాంకు దగ్గర ఉంటాడు. సాయంత్రానికి గొలుసు విత్తనాలవుతుంది, గాజులు ఎరువు బస్తాలవుతాయి. ఆమె మెడలో పసుపుతాడు మిగులుతుంది.

గుంటూరు యార్డులో మిర్చికి మంచి ధర పలికితే వేసవి పెళ్లిళ్ల నాటికి నగలు ఇంటికొస్తాయి. పలకకపోతే..? ‘గొలుసేదమ్మా?’ అని చుట్టాలు అడుగుతారేమోనని ఆమె పెళ్లికే వెళ్లదు!

2022లో జిల్లాల హద్దులు మారాయి. చిలకలూరిపేట పల్నాడుకూ పర్చూరు బాపట్లకూ వెళ్లాయి. నల్లరేగడిలో పంటలు మాత్రం అవే. మిర్చికి ఎకరా పెట్టుబడే లక్ష దాటుతుంది. కౌలురైతు పేరున భూమి ఉండదు కాబట్టి పంటరుణం తేలిగ్గా పుట్టదు. అతడికి అందుబాటులో ఉండే ఆస్తి... భార్య మెడలోని బంగారమే.

పురుగు తినని పంట

1987-88లో తెల్లదోమ ఇక్కడి పత్తిని ఊడ్చేసింది. అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణాలే తీసుకున్నారు. 2021-22లో తామర పురుగు మిర్చి పూతను మాడ్చేసింది. 2025 ఫిబ్రవరిలో పురుగు పని ధర చేసింది. మిర్చి రేటు పడిపోయి, కేంద్రం క్వింటాకు రూ.11,781 ధర ప్రకటించాల్సి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు తాకింది. 2000లో అది అయిదు వేలు కూడా లేదు! ఆ ఏడాది పెళ్లికి అమ్మ పెట్టిన నాలుగు గాజులు ఇప్పుడు కూతురి చదువుకు ఆదుకుంటున్నాయంటే కారణం అదే.

అయితే నగకు ఇచ్చిన డబ్బంతా వెనక్కి రాదు. మజూరీ, తరుగు దుకాణంలోనే పోతాయి. తాకట్టులో రాళ్లనూ పూసలనూ బంగారంగా లెక్కకట్టరు. పెద్దవాళ్లు కాసులపేరు, గొలుసులు, గట్టి గాజులే చేయించుకోవడంలో ఉన్న తెలివి ఇదే. కాసంటే ఎనిమిది గ్రాములు... ఎన్ని కాసులో చెబితే విలువ తేలిపోతుంది. హాల్‌మార్క్‌ 2021 జూన్‌ నుంచి దశలవారీగా తప్పనిసరైంది. 22 క్యారెట్ల నగ మీద 916 అంకె, ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉన్నాయో లేదో చూసుకోవాలి.

రసీదు ఎవరి దగ్గర?

పుట్టింటివారు పెట్టిన నగలు స్త్రీధనం. వాటిపై పూర్తి హక్కు భార్యదేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. భర్త చేతిలో ఉన్నా ఆయన వాటిని భద్రపరిచేవాడే. అందుకే కుదువ పెట్టాలంటే ముందు ఆమె ఒప్పుకోవాలి. అప్పు ఆమె పేరునే తీసుకుని, రసీదు ఆమె దగ్గరే ఉంచితే ఇంకా మంచిది. గడువు ఎప్పుడో, వడ్డీ ఎంతో ఆమెకూ తెలుస్తుంది.

వడ్డీ మాత్రమే కట్టి ఏటా తిరగరాయించుకుంటూ పోతే నగ బ్యాంకుదో మనదో తెలియని పరిస్థితి వస్తుంది. 2026 ఏప్రిల్‌ 1 నాటికి అమలు చేయాలంటూ రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో కొన్ని నిబంధనలు ఇచ్చింది. నగ నాణ్యతను అప్పు తీసుకునేవారి ఎదుటే చూడాలి. బాకీ తీరిన రోజునే, లేదంటే ఏడు పనిదినాల్లోగా నగ తిరిగివ్వాలి. తప్పు తమదై ఆలస్యం చేస్తే రోజుకు రూ.5,000 చెల్లించాలి. వేలం వేస్తే, బాకీ పోను మిగిలిన డబ్బు మనకే ఇవ్వాలి. వడ్డీవ్యాపారి దగ్గర చీటీ మీద పెట్టిన నగకు ఈ రక్షణలేవీ ఉండవు.

అందుకే ఈసారి నగ కొనేటప్పుడు ‘ఎలా ఉంది?’ అనడంతో ఆగకండి. ‘రాళ్లు పోను బంగారమెంత?’ అనీ అడగండి. బ్యాంకుకు తీసుకెళ్లేముందు మాత్రం ఆమెను అడగండి. ఎన్నడు తిరిగి తెస్తారో కూడా చెప్పండి. మెడ బోసిపోయినా ఆ మాట మీదే ఆమె ఏడాదంతా ధైర్యంగా ఉంటుంది.